గన్ పేలినా కదలని కాళ్లు: ఒక స్ప్రింటర్ కేసు, రెండు జన్యువులు

ఈ కేసు రాయడానికి అబ్బాయీ, తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టేలాంటి వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. నేను విశాఖపట్నంలో స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుని. ఇందులో ఆరు వారాల పాటు దారి తప్పింది నేనే. ఆ భాగం దాచేస్తే రాయడంలో అర్థం లేదు.

నేపథ్యం

అబ్బాయికి పదిహేనేళ్లు. గాజువాక వైపు నుంచి వచ్చేవాడు. 2023లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ బ్యాంకాక్‌ ఆసియా చాంపియన్‌షిప్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచాక ఇక్కడి గ్రౌండ్లలో పిల్లల సంఖ్య పెరిగింది. వీడూ ఆ ఊపులో వచ్చినవాడే. ఎవరు చూసినా స్ప్రింటర్ అనేస్తారు. తొడలు నిండుగా, పిక్కలు రాయిలా, భుజాలు ఎత్తుగా ఉంటాయి. జిమ్ముకి పోయింది లేదు, పౌడర్లు తాగింది లేదు. “మా గుంటడికి పుట్టుకతోనే కండ, మేడమ్” అని తండ్రి మురిసిపోతూ చెప్పాడు. ఆ మాట నేను నోట్సులో రాసుకోలేదు. రాసుకోవాల్సింది.

ఏమని వచ్చారు

సమస్య అంతా స్టార్ట్‌లో. గన్ పేలి పక్క లేన్ల వాళ్లు నాలుగడుగులు వేసేసరికి వీడు ఇంకా పాదాలు ఆనించే బ్లాక్స్‌లోంచి లేస్తుంటాడు. మొదటి ఇరవై మీటర్లు కర్రకాళ్లు కట్టుకున్నవాడిలా పరిగెత్తుతాడు. నలభై మీటర్లు దాటాక ఉన్నట్టుండి ఒళ్లు విప్పుకుంటుంది, అక్కణ్నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోతాడు. అప్పటికి రేసు అయిపోతుంది. ట్రాక్ మీద రెండుసార్లు బోర్లా పడ్డాడు కూడా.

“నొప్పి లేదు మేడమ్. కాళ్లు బిగుసుకుపోతాయి. నావి కానట్టుంటాయి” అన్నాడు. కండరం పట్టేసిన పిల్లలు ముందు చెప్పేది నొప్పి గురించే. వీడు నొప్పి లేదన్నాడు. అది వింతగా ఉందని నాకు ఆ రోజు తోచలేదు.

నా దగ్గరికి రాకముందు

కోచ్ గారు మొదట బద్ధకం అనుకున్నారు. తర్వాత కాళ్లలో బలం చాలదనుకుని కైలాసగిరి ఎక్కించారు, ఇసుకలో పరిగెత్తించారు. మార్పు లేదు. ఈలోగా ఎవరో చెప్పగా తల్లిదండ్రులు ఒక కంపెనీకి ఉమ్మి నమూనా పంపి ‘స్పోర్ట్స్ జీన్’ పరీక్ష చేయించారు. పన్నెండు వేలయింది. నిగనిగలాడే రంగు పేజీల రిపోర్టులో ఒక ముక్క దగ్గర అందరి చూపూ ఆగిపోయింది: ఏసీటీఎన్3 జన్యువు, ఎక్స్ఎక్స్ రకం, స్ప్రింట్‌కి అనుకూలం కాదు, దూరపు పరుగులు మేలు.

కోచ్ గారు అబ్బాయిని 1500 మీటర్లకి మార్చేశారు. అక్కడ జరిగిన తమాషా ఏమిటంటే, మొదటి వంద మీటర్లు ఈడ్చుకుంటూ పోయినవాడు తర్వాత హాయిగా పరిగెత్తడం మొదలుపెట్టాడు. “చూశారా, రిపోర్టు నిజమే” అన్నారందరూ. కానీ అంత కండతో మూడు ముప్పావు రౌండ్లు మోయడం వాడి వల్ల కాలేదు. ఆఖరి రౌండ్లో బక్కపలచని పిల్లలంతా దాటుకుపోయేవారు. వాడికి అసలు ఆ రేసే ఇష్టం లేదు.

అలా ఆ ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. రిపోర్టు సరైనదే అని నేను చెప్పాలని తల్లి ఆశ. తప్పని చెప్పాలని కొడుకు ఆశ.

రిపోర్టు గురించి ఏం చెప్పాను

ఆల్ఫా యాక్టినిన్-3 అనేది వేగంగా ముడుచుకునే కండర పోగుల్లో ఉండే ప్రొటీన్. దాన్ని తయారుచేసే జన్యువే ఏసీటీఎన్3. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఎక్స్ రకమే వస్తే ఆ ప్రొటీన్ అసలు తయారవదు. అదేమీ జబ్బు కాదు. ప్రపంచంలో సుమారు 18 శాతం మంది అలాంటివాళ్లే. దాని చుట్టాలాంటి ఆల్ఫా యాక్టినిన్-2 ఆ పని చాలావరకు చక్కబెట్టేస్తుంది.

ఈ జన్యువుకి ‘స్పీడ్ జీన్’ అని పేరు రావడానికి కారణం 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు. అత్యున్నత స్థాయి స్ప్రింటర్లలో ఎక్స్ఎక్స్ రకం బాగా తక్కువగా కనిపించింది. అది నిజం, తర్వాత వేరే చోట్లా కనిపించింది. కానీ అది గుంపు గురించి చెప్పే మాట. మనిషికీ మనిషికీ కండర శక్తిలో ఉండే తేడాలో ఈ ఒక్క జన్యువు వాటా మహా అయితే రెండు మూడు శాతం. రెండు ఒలింపిక్స్‌లో పాల్గొన్న ఒక స్పెయిన్ లాంగ్‌జంపర్‌ది ఎక్స్ఎక్స్ రకమేనని 2007లో అక్కడి శాస్త్రవేత్తలు రాశారు. పిల్లల్లో ప్రతిభ వెతకడానికిగానీ, ఏ ఆట ఆడాలో తేల్చడానికిగానీ ఇలాంటి పరీక్షలు పనికిరావని 2015లో ఈ రంగంలోని నిపుణులు కలిసి ప్రకటన కూడా ఇచ్చారు.

ఇదంతా వివరించి, “రిపోర్టులో అక్షరాలు తప్పు కాకపోవచ్చు, దాంతో వీడి దారి తేల్చడం తప్పు” అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఐతే ఆ మాట చెప్పాక నేను చేసిన పొరపాటు ఒకటుంది. ఆ రిపోర్టుతో పాటు జన్యువుల సంగతే పక్కన పడేశాను. పనికిమాలిన పరీక్షను తోసిపుచ్చేసరికి, వీడి ఇబ్బందికి పుట్టుకతో వచ్చిన కారణం ఉండొచ్చేమో అన్న ప్రశ్నే నా బుర్రలోంచి పోయింది.

నేను చేసినవి, ఫలించనివి

మొదటి రోజు పడుకోబెట్టి కాలు ఎత్తి చూస్తే హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, బాగా బిగుతుగా ఉంది. స్ట్రెచింగ్ చేయించాను, చేత్తో వదులు చేశాను, ముప్పావుగంట తర్వాత మళ్లీ కొలిస్తే కాలు చక్కగా లేచింది. నాకు భలే సంతోషమేసింది. మూడు రోజులకి మళ్లీ వచ్చాడు, కాలు మళ్లీ మొదటికే. మళ్లీ చేశాను, మళ్లీ వదులైంది. వారానికి రెండుసార్లు ఇదే తంతు. ఇంటి దగ్గర సరిగా చేయట్లేదని వాణ్నే అనుమానించాను.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మా వెయిటింగ్ రూమ్‌లో అరగంట కూర్చుని లేచి వచ్చిన కండరాన్ని కొలిచి, కాసేపు కదిలించాక మళ్లీ కొలిచేదాన్ని. కదిలితే వదులవడం దాని స్వభావమే. అది నా చేతి చలవ అనుకున్నాను. 1500 మీటర్లలో ఊరంతా రిపోర్టుని నమ్మింది ఎందుకో, నా వైద్యాన్ని నేను నమ్మిందీ అందుకే.

డాక్టర్ ద్వారా రక్తపరీక్షలు చేయించాం. విటమిన్ డి తక్కువుంటే మందిచ్చారు. కండరం దెబ్బతింటే పెరిగే సీకే 410 ఉంది, ల్యాబ్ హద్దుకి రెట్టింపు. రోజూ పరిగెత్తే పిల్లల్లో అంతమాత్రం మామూలే కాబట్టి కంగారు పడలేదు. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటాను. మెగ్నీషియం బిళ్లలు ఇంట్లోవాళ్లే మొదలుపెట్టారు, వాటివల్ల ఒరిగిందేమీ లేదు.

ఆరో వారంలో ఒక మీట్. కోచ్ గారిని బతిమాలి మళ్లీ 100 మీటర్లలో పేరు ఇప్పించాను. రేసుకి ముందు చేయాల్సినవి కాగితం మీద రాసిచ్చాను: నిదానంగా స్ట్రెచింగ్, తర్వాత కదలకుండా కూర్చుని శక్తి దాచుకోవడం. రేసుకి ముందు ఆటగాళ్లని కూర్చోబెట్టే కాల్ రూమ్‌లో ప్లాస్టిక్ కుర్చీలో ఇరవై నిమిషాలు బుద్ధిగా కూర్చున్నాడు పాపం. గన్ పేలింది. చేతులు నేల వదిలాయి, కాళ్లు వదల్లేదు. మూడో అడుగుకి ముందుకు పడ్డాడు. రెండు అరచేతులూ చెక్కుకుపోయాయి.

నీళ్ల సీసా

సోమవారం కట్టు మార్చడానికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని కుడిచేత్తో స్టీలు నీళ్ల సీసా గట్టిగా పట్టుకున్నాడు. గాయం చూద్దామని “అదిలా ఇవ్వరా నాన్నా” అన్నాను. చెయ్యి చాపాడు. సీసా నా చేతిలోకి రాలేదు. వేళ్లు విడలేదు. వాడు కాస్త సిగ్గుపడుతూ నవ్వి, ఎడమచేత్తో తన వేళ్లని ఒక్కొక్కటే విప్పుకున్నాడు.

“ఏంటది?”

“అలవాటే మేడమ్. పొద్దున్న బ్రష్షు కూడా ఇలాగే.”

సీసా బల్ల మీద పెట్టి, నా రెండు వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కమన్నాను. “ఇప్పుడు చటుక్కున వదులు.” వదలడానికి నాలుగైదు క్షణాలు పట్టింది. మళ్లీ చేయించాను, మూడు క్షణాలు. ఐదోసారికి అందరిలాగే వదిలేశాడు. కళ్లు గట్టిగా మూసి తెరవమంటే రెప్పలు ఆలస్యంగా విడ్డాయి. బొటనవేలి కింది కండ మీద సుత్తితో తడితే బొటనవేలు లోపలికి ముడుచుకుని, అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట పుస్తకంలో బొమ్మగా చూసినది ఇప్పుడు నా బల్ల మీద కనిపించింది: మయోటోనియా. కండరం ముడుచుకోవడంలో లోపం ఉండదు, విడవడంలో ఉంటుంది.

అనుమానం వచ్చినంత మాత్రాన చాలదు, పరుగులో చూడాలి. మర్నాడు ఉదయం గ్రౌండ్‌లో చిన్న పరీక్ష పెట్టాను. పది నిమిషాలు కూర్చోబెట్టి, వార్మప్ లేకుండా, నిలబడ్డ చోటు నుంచి మెల్లగా మొదలుపెట్టి వీలైనంత వేగంగా 30 మీటర్లు. నిమిషం నిమిషం తేడాతో ఆరుసార్లు. పడితే పట్టుకోవడానికి కోచ్ గారు పక్కన నిలబడ్డారు. టైములు: 5.9, 5.3, 4.9, 4.7, 4.6, 4.6. మళ్లీ పది నిమిషాలు కూర్చోబెట్టి ఒక్కటి: 5.8.

ఏ స్ప్రింటర్‌నైనా నిమిషం విరామంతో ఆరుసార్లు పరిగెత్తిస్తే టైము నిలకడగా ఉంటుంది, లేదా అలసటతో కాస్త పెరుగుతుంది. వీడికి సెకనుకు పైగా తగ్గింది, కూర్చుంటే తిరిగొచ్చింది. కోచ్ గారు స్టాప్‌వాచ్ వంక చూస్తూ ఉండిపోయారు. “నేను వీణ్ని ఎన్నిసార్లు తిట్టానో” అన్నారు చివరికి.

మళ్లీ అడిగిన ప్రశ్నలు

ఆ సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచి మొదటి నుంచి అడిగాను. ఈసారి గాయాల గురించి కాదు, ఇంట్లో కదలికల గురించి. మాటలు వరదలా వచ్చాయి. ఏడెనిమిదేళ్ల నుంచీ ఉంది. నేల మీద భోజనానికి కూర్చుని లేచేటప్పుడు గోడ పట్టుకుంటాడు. మద్దిలపాలెంలో బస్సు దిగాలంటే ఒక స్టాపు ముందే లేచి నిలబడి కాళ్లు ఆడిస్తుంటాడు. సింహాచలం మెట్లు మొదటి పది ఎక్కడం గగనం, తర్వాత అందరికన్నా ముందుంటాడు. దీపావళికి పక్కన టపాకాయ పేలితే కొయ్యలా బిగుసుకుని పడిపోయేవాడు, పిరికివాడని పిల్లలు ఏడిపించేవాళ్లు. ఉలికిపాటు కూడా ఈ బిగుసుకోవడాన్ని రేపుతుంది. మరి స్టార్టింగ్ గన్ మాత్రం టపాకాయ కాక మరేమిటి?

చలి గురించి ప్రత్యేకంగా అడిగాను. పారామయోటోనియా అని ఇంకొకటుంది, అది సోడియం చానల్ జబ్బు. అందులో చలికి బిగుతు బాగా ముదురుతుంది, కదిలేకొద్దీ తగ్గడానికి బదులు పెరుగుతుంది. డిసెంబర్‌లో అరకు వెళ్లినప్పుడు ఏమైనా అయిందా అంటే ఏమీ కాలేదన్నారు. కదిలితే తగ్గుతుందన్నది గ్రౌండ్‌లో చూసేశాం.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే లేదన్నారు. చివర్లో తల్లి తలవంచుకుని, “ఈయన మా మేనత్త కొడుకేనండి” అంది. అందులో తలవంచుకోవాల్సిందేమీ లేదని ముందు చెప్పాను. మన వైపు మేనరికాలు కొత్తేమీ కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే దంపతుల వారసులైతే, ఒకే లోపం ఉన్న జన్యువు ఇద్దరిలోనూ చడీచప్పుడు లేకుండా ఉండి బిడ్డలో కలిసే అవకాశం ఎక్కువ. అంతవరకే.

ఇక్కడితో నా హద్దు అయిపోయింది. న్యూరాలజిస్ట్‌కి ఉత్తరం రాసి పంపాను. కండరంలోని విద్యుత్ సంకేతాల్ని వినిపించే ఈఎంజీ పరీక్షలో తొడ కండలోకి సూది పెట్టగానే స్పీకర్లోంచి బుల్లెట్ బండి యాక్సిలరేటర్ తిప్పి వదిలినట్టు చప్పుడు, పెరుగుతూ తగ్గుతూ వచ్చిందట. అది మయోటోనియా గొంతు. ఈసీజీ, కంటి పరీక్ష కూడా చేయించారు. మయోటోనిక్ డిస్ట్రఫీ అనే వేరే జబ్బులోనూ ఇలా కండరం విడవదు, కానీ అది గుండెనీ కంటి కటకాన్నీ దెబ్బతీస్తుంది. దాన్ని తోసిపుచ్చకుండా ముందుకి పోకూడదు. రెండూ బాగున్నాయి, ఆ జబ్బుకి చేసే జన్యు పరీక్షలోనూ ఏమీ లేదు. అప్పుడు చేసిన ఇంకో పరీక్షలో సీఎల్‌సీఎన్1 జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు దొరికింది. మయోటోనియా కంజెనిటా, అందులో తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే కనిపించే రకం.

ఈ జన్యువు కండర కణం పొరలో క్లోరైడ్ రాకపోకలకి ద్వారం తయారుచేస్తుంది. నరం నుంచి సంకేతం వచ్చి కండరం ముడుచుకున్నాక దాన్ని సద్దుమణిగించేది ఆ క్లోరైడే. ద్వారం సరిగా లేకపోతే, ఊపడం ఆపేసినా ఉయ్యాల ఊగుతున్నట్టు కండరం తనంతట తానే మళ్లీ మళ్లీ ముడుచుకుంటుంది. ఈ రకంలో కదలిక మొదలుపెట్టగానే కొన్ని క్షణాలు బలం కూడా సడలిపోతుంది, అందుకే పడిపోవడం. ఎప్పుడూ బిగుస్తూ ఉండటం వల్లే ఆ నిండు తొడలు. అమెరికాలో ఉలిక్కిపడితే కాళ్లు బిగుసుకుని పక్కకి ఒరిగిపోయే మేకల జాతి ఒకటుంది, వాటిలోనూ లోపం ఈ జన్యువులోనే. వీడికి ఆ వీడియో చూపిస్తే పడీపడీ నవ్వాడు. తన పరిస్థితి వాడికి నిజంగా అర్థమైంది అప్పుడే అనుకుంటాను.

ఏది పనిచేసింది

మందు ఉంది. గుండె లయ తప్పినప్పుడు వాడే మెక్సిలెటిన్ ఈ బిగుతునీ తగ్గిస్తుందని 59 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. న్యూరాలజిస్ట్ లాభనష్టాలు రెండూ వివరించారు. వయసు చిన్నది, రోజువారీ పనులు ఆగట్లేదు, ముందు మందు లేకుండా చూద్దామని కుటుంబం అనుకుంది. ఆ తలుపు తెరిచే ఉంది.

నా వంతు పని వార్మప్‌ని తలకిందులు చేయడం. నిశ్చలంగా చేసే స్ట్రెచింగ్ పూర్తిగా తీసేశాను. మెల్లగా మొదలై క్రమంగా వేగం పెరిగేలా ఇరవై నిమిషాలు, ఆ తర్వాత అసలు కూర్చోకూడదు. కాల్ రూమ్‌లో కూడా మడమలు ఎత్తి దించడం, సగం గుంజీలు, పిడికిలి బిగించి వదలడం. పక్కనున్న పిల్లలు నవ్వితే నవ్వనీ అన్నాను. ప్రాక్టీస్‌లో ఇది బాగా పనిచేసింది. కదులుతూ ఉన్నంతసేపూ 30 మీటర్లు 4.6, 4.7 దగ్గరే నిలిచాయి.

బ్లాక్స్ మీద మాత్రం ఓడిపోయాం. ‘ఆన్ యువర్ మార్క్స్’ నుంచి గన్ దాకా కదలకూడదు, పైగా ఆ చప్పుడు. ఒకసారి బాగా వచ్చేది, ఇంకోసారి ఇరుక్కునేది. బ్లాక్స్‌లోంచి పడే ప్రమాదం ఉంది కాబట్టి 100 మీటర్లు వద్దని చెప్పక తప్పలేదు. పన్నెండు వేల రిపోర్టు చెప్పిన మాటే నేనూ చెప్పినట్టైంది కదా అని తండ్రి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ రిపోర్టు వీడికి వేగం లేదంది. వేగం ఉందని స్టాప్‌వాచ్ చూపించింది. లేనిదల్లా నిశ్చలంగా ఉండి ఒక్కసారిగా లేచే వీలు. ఆ వీలు అక్కర్లేని చోటు వెతకాలి.

లాంగ్‌జంప్ ఆలోచన కోచ్ గారిది. పేరు పిలిచాక నిమిషం సమయం ఉంటుంది, గన్ ఉండదు, వరస వచ్చేదాకా గెంతుతూ ఉండొచ్చు, ఎప్పుడు మొదలుపెట్టాలో తన ఇష్టం. రన్‌వే మొదట్లో నిలబడి మొదలుపెట్టే బదులు నాలుగడుగులు నడుచుకుంటూ వచ్చి అందుకునేలా మార్చాం. ఎక్స్ఎక్స్ రకం వాళ్లకి తగదని రిపోర్టు చెప్పిన పేలుడు లాంటి ఆటే ఇదీ. ఆరు నెలల తర్వాత జిల్లా మీట్‌లో ఫైనల్స్‌కి వెళ్లాడు. పతకం రాలేదు. మూడు జంపుల్లో ఒకటి ఫౌల్, ఎక్కడా పడలేదు.

చెల్లెలు

తొమ్మిదేళ్ల చెల్లెలుంది. దానికీ జన్యు పరీక్ష చేయిద్దామా అని తల్లి అడిగింది. ఈ రకం ఆ పాపకి వచ్చి ఉండే అవకాశం నాలుగింట ఒకటి. జెనెటిక్ కౌన్సెలర్‌తో కూర్చుని మాట్లాడాక, ఇప్పుడే వద్దనుకున్నారు. పాపకి ఏ లక్షణమూ లేదు, నా ముందు పిడికిలి బిగించి టక్కున వదిలేసింది. ముందే తెలుసుకున్నందువల్ల ఇప్పుడు చేసే వైద్యమూ లేదు. లక్షణాలు లేకుండా జన్యువు మోస్తోందా లేదా అన్నది పెద్దయ్యాక తనే తెలుసుకోవాలనుకుంటే తెలుసుకుంటుంది. ఒక రిపోర్టు అన్నయ్య ఆటని ఏడాది పాటు మార్చేసింది, ఆ ఇంట్లో ఇంకో కాగితం ఇప్పుడే ఎందుకు?

అబ్బాయి విషయంలో మాత్రం ఒక కాగితం తప్పనిసరి. ఆపరేషన్ అంటూ వస్తే మత్తు డాక్టర్‌కి ఈ జబ్బు సంగతి ముందే తెలియాలి. సక్సినైల్‌కోలిన్ లాంటి మందు ఇస్తే ఒళ్లంతా, దవడతో సహా బిగుసుకుపోవచ్చు. అది తెలుగులో, ఇంగ్లిష్‌లో కార్డు మీద రాయించి స్పైక్స్ సంచిలో పెట్టించాం.

నా పద్ధతిలో మారినవి

కొలిచే సమయం మార్చాను. పిల్లలెవరైనా ‘బిగుతు’ అని వస్తే కూర్చుని లేచిన వెంటనే ఒకసారి, కదిలాక ఒకసారి, మళ్లీ పది నిమిషాలు కూర్చోబెట్టి మూడోసారి కొలుస్తున్నాను. ఆ మూడో కొలత ఆ రోజుల్లో తీసి ఉంటే వీడి అరచేతులు చెక్కుకుపోయేవి కావు. నొప్పి లేని బిగుతు అన్న మాట వింటే ఇప్పుడు కలం పక్కన పెట్టి ఇంట్లో ఎలా లేస్తారో, బస్సు ఎలా దిగుతారో అడుగుతున్నాను. జన్యు రిపోర్టు తెచ్చినవాళ్లకి, అది ఏ ప్రశ్నకి జవాబో ముందు అడగమంటున్నాను. వీడి విషయంలో మొదటి పరీక్ష ఎవరికీ అక్కర్లేని ప్రశ్నకి జవాబిచ్చింది. రెండోదాన్ని మాత్రం సీసా వదలని చెయ్యి అడిగింది.

నా పరీక్ష ఫారంలో మొదటి వరస ఇప్పుడు ‘పిడికిలి బిగించి వదలడం’. పది క్షణాల పని. లక్ష మందిలో ఒకరికి ఉండే జబ్బని తెలుసు. ఈ రెండేళ్లలో వచ్చిన ప్రతి పిల్లాడి చేతా చేయించాను. రెండో కేసు ఇంకా కనిపించలేదు.